దిగని బావ

మార్చి 2, ఆదివారం

నేను దిగాను. ముందు ఈ మాట రాసిపెట్టి తరవాత మిగతావి రాస్తాను.

సముద్రంలో నీళ్ళ కింద ఉండే బయటి దిబ్బ దగ్గర, తొమ్మిది బారల లోతున, ఇసుకకి కాళ్ళు ఆనేదాకా దిగాను. అక్కడ పడవ చూశాను. పైకి వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. అయినా నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, టీ కొట్టులో అందరి ముందూ గ్లాసు బల్ల మీద పెట్టి, "బావా, నువ్వు దిగనే లేదు" అన్నాడు. ఆ మాట అని ఇరవై ఏళ్ళు దాటింది. అప్పట్నుంచి నేను వాడితో మాట్లాడలేదు, వాడూ నాతో మాట్లాడలేదు. టీ కొట్టువాడు మాత్రం ఇప్పటికీ "దిగని బావకి ఒక టీ" అని కేకేస్తాడు. టీ బాగుంటుంది కాబట్టి వెళ్తున్నాను.

రేవులో ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకి బతికినవాణ్ణి. నన్ను మొండివాడన్నా పడతాను. తాగుబోతన్నా పడతాను, అందులో కొంత నిజం ఉంది. నీళ్ళలో దిగి అన్నం తినేవాణ్ణి పట్టుకుని దిగలేదంటే వాడి దగ్గర ఇంకేం మిగులుతుంది?

ఆ పడవ మా మామగారిది. ఇక్కడ మొదటి ఫైబరు పడవ అదే. ఆయన పోయాక బావమరిది దాన్ని చంటిబిడ్డలా చూసుకునేవాడు. ఏటా వాడే ఎర్ర రంగు వేసేవాడు, ఇంకొకళ్ళని బ్రష్షు ముట్టనిచ్చేవాడు కాదు. గాలివానకి లంగరు తెగి, మనిషన్నవాడు లేకుండా కొట్టుకుపోయింది. బయటి దిబ్బ మీద తిరగబడటం వాడు ఒడ్డునుంచి కళ్ళారా చూశానన్నాడు. నీళ్ళు తేరుకున్నాక ఇద్దరం వెళ్ళాం. వాడికి చెవులు నొప్పి, దిగలేడు. పైన గాలిపంపు దగ్గర కూర్చున్నాడు. నేను దిగాను. కింద ఒక పడవ పక్కకి ఒరిగి పడుంది. నల్ల పడవ. వచ్చి అదే చెప్పాను, పడవ ఉంది, మనది కాదు, నల్లది అని. వాడేమో, ఈ చుట్టుపక్కల ఎవడి నల్ల పడవా పోలేదు, నువ్వు దిబ్బ అంచు పట్టుకుని వేలాడి కథ అల్లుకుని వచ్చావన్నాడు.

నల్లదాన్ని నల్లది అన్నాను. అంతే నేను చేసింది.

ఇవాళ మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది, తమ్ముడు ఇల్లు ఖాళీ చేసి కూతురి ఊరు పోతున్నాడట, అక్కడ మెట్లు లేని ఇల్లట, ఇరవై తొమ్మిదో తారీఖు శనివారం లారీ వస్తుందట.

"పోనీ," అన్నాను.

"పోనీ అని ఎవరు అడిగారు మిమ్మల్ని? చెప్తున్నానంతే."

వాడు పోతాడు. మాట ఇక్కడ వదిలేసి పోతాడు. నేను చచ్చేదాకా దాన్ని ఎదురుగా పెట్టుకుని టీ తాగాలన్నమాట.

సాయంత్రం కోడలి దగ్గరికి వెళ్ళాను. ఆమె డైవింగ్ షాపు నడుపుతుంది, మా అబ్బాయి పడవ నడుపుతాడు, ఆమె చెప్పినచోటికి. సెలవులకి వచ్చేవాళ్ళు సిలిండరు కట్టుకుని దిగి, అరచేతిలో పట్టే కెమెరాతో చేపల్ని, ఒకళ్ళనొకళ్ళు ఫొటోలు తీసుకుంటారు.

"అమ్మాయ్, ఆ బుల్లి కెమెరా తొమ్మిది బారలు దిగుతుందా?"

"దిగుతుంది మామయ్యా. ఎవరు తీసుకెళ్తారు?"

"నేను."

ఆమె నవ్వలేదు. ఆమెలో అదొక మంచి గుణం. డాక్టరు సంతకం కావాలంది, ఇప్పటి పద్ధతిలో మొదట్నుంచీ నేర్చుకోవాలంది, దిగిన ప్రతిసారీ ఇందులో రాయాలని ఈ లాగ్ బుక్కు ఇచ్చింది. ఇందులో లోతుకీ టైముకీ గళ్ళు ఉన్నాయి. నేను గళ్ళ మీదనుంచి రాస్తున్నాను.

మార్చి 3

గుండె గట్టిదేనట. ఆ మాట చెప్పడానికి డాక్టరు గంటన్నర కూర్చోబెట్టాడు.

మార్చి 5

కెమెరా పాఠం. సిలిండరు పాఠం కన్నా ఇదే ఎక్కువ.

కెమెరా సబ్బుబిళ్ళంత ఉంది. దాన్ని అద్దంలాంటి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాలి. పెట్టె అంచున సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. నీళ్ళని ఆపేది అదొక్కటే. దాని మీద ఒక్క వెంట్రుక పడినా, ఒక్క ఇసుకరవ్వ పడినా నీళ్ళు లోపలికి వచ్చి కెమెరా చస్తుంది. రింగు తీసి, తుడిచి, వేలికొసతో మైనంలాంటిది పూసి, మళ్ళీ గాడిలో కూర్చోబెట్టాలి. నేను కళ్ళు మూసుకుని చేశాను. కోడలు భూతద్దం పెట్టి చూసి బాగుందంది.

"కళ్ళు మూసుకుని ఎలా చేశారు?"

"వేలికి తెలుస్తుంది. కంటికేం తెలుస్తుంది?"

మా అబ్బాయి పక్కనుంచి, "నాన్నకి బట్టతల. వెంట్రుక పడే భయం లేదు. మన షాపులో రింగులన్నీ ఆయనకే ఇచ్చెయ్" అన్నాడు. వాడికి ఆ జోకులు వాళ్ళమ్మనుంచి వచ్చాయి.

గుండీలు పెట్టె బయటనుంచి నొక్కాలి. పెద్ద గుండీ సగం నొక్కి ఆగితే ఫొటో కోసం చూపు సరిచేసుకుంటుంది. పూర్తిగా నొక్కితే ఫొటో. ఎర్ర చుక్క ఉన్న గుండీ వీడియోకి. ఒకసారి నొక్కితే మొదలు, మళ్ళీ నొక్కితే ఆగిపోతుంది. ఇందులో ఏముంది.

మార్చి 9, ఆదివారం

లోతులేని చోట దిగాను. నడుం ఎత్తు నుంచి మొదలుపెట్టి రెండున్నర బారల దాకా. పాతికేళ్ళ పిల్లాడిలా దిగానని మా అబ్బాయి అన్నాడు. పైకి రావడం గురించి వాడు ఏమీ అనలేదు.

పైకి వచ్చాక కోడలు, "మామయ్యా, మీరు నీళ్ళలో కళ్ళు మూసుకుని ఉన్నారు," అంది.

"ఉంటాను."

"ఎందుకు?"

ఇదేం ప్రశ్న? రేవు నీళ్ళు టీ డికాక్షన్‌లా ఉంటాయి. నీ చెయ్యి నీకు కనపడదు. కళ్ళు తెరిస్తే మట్టి తప్ప ఏముంది? మేమందరం కళ్ళు మూసుకునే పనిచేసేవాళ్ళం. ఓడ అడుగుని అరచేత్తో తడిమి, ఎక్కడ గుల్లలు, ఎక్కడ అతుకు, ఎక్కడ పంకా అని తెలుసుకోవాలి. నా జన్మలో తేటనీళ్ళలో దిగింది ఒక్కసారి. బయటి దిబ్బ దగ్గర.

"కళ్ళు మూసుకుంటే ఫొటో ఎలా తీస్తారు?" అంది. అది నిజమే.

తీసింది టీవీలో వేసి చూశారు. నా పొట్ట ఉంది. నా గడ్డం ఉంది. నా పొట్ట మళ్ళీ ఉంది. మా ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 10

ఇవాళ పొట్ట తక్కువ. ఒక చేప తోక పడింది.

మార్చి 13, గురువారం

బయటి దిబ్బ. ఈ గళ్ళలో లోతు అని ఉన్నచోట తొమ్మిది బారలు అని రాశాను, ఎవడైనా చూసుకోవచ్చు.

కోడలు పక్కనే ఉంది. పైన ఆమె కాళ్ళకి తొడిగిన ఈతరెక్కలు ఎర్రగా చూశాను, కిందకి వెళ్ళాక చూస్తే నల్ల రెక్కలు. ఎప్పుడు మార్చుకుందో. ఆడవాళ్ళు ఎక్కడైనా మారుస్తారు.

పడవ ఉంది. అప్పుడు ఎలా ఒరిగి పడుందో అలాగే ఉంది, ఎడంపక్క ఇసుకలో, కుడిపక్క పైకి. దానిమీద పాచి, గుల్లలు, మెత్తటి చెట్లలాంటివి, చేపల సంసారాలు. నేను ఊపిరి బిగబట్టాను. కోడలు జబ్బమీద కొట్టింది. సిలిండరుతో ఊపిరి బిగబట్టకూడదట. వదిలాను. ఎర్రచుక్క గుండీ నొక్కాను. పడవ చుట్టూ నిదానంగా, పెళ్ళికొడుకు ఊరేగింపులా తిరిగాను. నొక్కి ఆపాను. పైకి వచ్చాను.

పైన మా పడవలో కూర్చుని అబ్బాయి చేత పెట్టించుకుని చూశాను. దిగేటప్పుడు తాడు, తాడు, తాడు. నా మోకాలు. కోడలి రెక్కలు. తరవాత పడవ మొన కనపడిందో లేదో, ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యేసరికి పైకి వస్తున్నాను. నేను దిగేముందే ఎప్పుడో చెయ్యి తగిలి మొదలైందట. కాబట్టి నేను మొదలుపెట్టాననుకున్నప్పుడు ఆగింది, ఆపాననుకున్నప్పుడు మొదలైంది.

"మీరు దిగారన్న రుజువు మాత్రం ఉంది మామయ్యా. మోకాలు మీదేగా," అంది కోడలు.

నోటికి అందిన మాటలన్నీ అన్నాను. సముద్రానికి తప్ప ఎవరికీ వినపడకుండా అన్నాను.

మార్చి 14

మోకాలు చూపించి పరువు నిలబెట్టుకోమంటారా.

మార్చి 16, ఆదివారం

దొరికింది. ఇంచీ ఇంచీ దొరికింది. కళ్ళు తెరుచుకునే తీశాను. తెర మీద చుక్క వెలుగుతోందా లేదా అని మూడుసార్లు చూసుకున్నాను.

టీవీలో వేశాం. నల్ల పడవ. నీలంగా మసకగా ఉన్న నీళ్ళలో బొగ్గులా పడుంది. "చూడండి," అన్నాను. "ఏ రంగు?"

"నల్లది," అన్నాడు అబ్బాయి.

"నీ మేనమామకి చెప్పు."

"నేను ఈ మధ్యలోకి రాను. పెళ్ళికి ముందే మానేశాను."

మా ఆవిడ వీడియో ఆఖరిదాకా చూసి లేచి వెళ్ళింది. కోడలు తన ఫోన్లోంచి వాడి ఫోనుకి పంపింది. టీ కొట్టుకి వెళ్ళి రెండు టీలు తాగాను. ఎవడైనా దిగని బావ అంటాడేమోనని చూశాను, అన్నాడు, నేను నవ్వాను.

మార్చి 17

జవాబు వచ్చింది. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఫోను ఎప్పుడూ గట్టిగా మాట్లాడేలా పెట్టుకుంటుంది, నాకు వినపడాలనే పెట్టుకుంటుంది.

"అక్కా, ఆ వీడియో తీసింది కోడలు. బావ ఒడ్డున కూర్చుని టీ తాగుంటాడు. అయినా బొగ్గులాంటి మసకలో ఏదో బండ చూపించి పడవ అంటే నేను నమ్మాలా?"

"మీ బావ దిగారురా. తల తుడిచింది నేను."

"తల తడవడానికి బకెట్టు చాలు."

పిడికిలి బల్లకేసి గుద్దాను. చిన్నవేలు వాచింది.

మార్చి 18, మంగళవారం

కోడలు అంది, మసకగా ఉందనే కదా ఆయన బాధ, ఫ్లాష్ పెట్టి దగ్గరగా ఫొటో తీద్దాం, పడవో బండో తేలిపోతుంది, మీరు పక్కన నిలబడండి, మొహం కూడా పడుతుంది. మంచి ఆలోచన. నేనే చెప్పబోతున్నాను.

గీకే కత్తి పట్టుకెళ్ళాను, పాతదే. పడవ మొనదగ్గర చేటంత మేర గీకాను. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. కోణం దానంతటదే వచ్చింది. పాచి పోయాక కింద నున్నగా తగిలింది. చూశాను, నలుపే. కోడలికి బొటనవేలితో చూపించాను. ఆమె ఫ్లాష్ కొట్టింది. కెమెరా వెనక తెర తిప్పి నాకు చూపించింది.

తెరమీద ఎర్రగా ఉంది. టొమాటోలా.

పడవని చూశాను. నలుపు. తెర చూశాను. ఎరుపు. మళ్ళీ పడవని చూశాను. కోడలు భుజాలెగరేసింది. నేను కెమెరాని ఒక్కటి చరిచాను.

మార్చి 19

కెమెరా చెడిపోయింది.

మార్చి 20

చెడిపోలేదట. ఇవాళ కోడలు మా స్నానాలగదిలోంచి ఎర్ర మగ్గు తీసుకుంది. మా ఆవిడ, "నా మగ్గు ఎక్కడికి?" అంది. "సముద్రానికి అత్తయ్యా," అంది.

మగ్గు చేత్తో పట్టుకుని దిగాను, కోడలు వీడియో తీస్తూ వెంట దిగింది. ఒక బార దగ్గర ఎరుపే. మూడు బారల దగ్గర ఎండిపోయిన రక్తం రంగు. ఐదు దాటాక నా కళ్ళ ముందే, నా చేతిలోనే, నల్లగా అయిపోయింది. పైకి తెస్తే మళ్ళీ ఎర్రగా అయింది. మళ్ళీ దింపాను. నాలుగుసార్లు దింపాను. కోడలు గాలి అయిపోతోందని సైగ చేసేదాకా మగ్గుతో ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

నీళ్ళు ఎరుపుని మింగేస్తాయట. లోతుకి వెళ్ళేకొద్దీ ముందు ఎరుపు పోతుంది, అందుకే దీపం తీసుకెళ్ళాలి, దీపం పడినచోట రంగు తిరిగి వస్తుంది. షాపులో అందరికీ మొదటిరోజే చెప్తారట.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ముప్ఫై ఏళ్ళు నీళ్ళలో ఉన్నారు కదా మామయ్యా. తెలుసనుకున్నాను."

ముప్ఫై ఏళ్ళు డికాక్షన్‌లో ఉన్నాను. డికాక్షన్‌లో రంగులు ఉండవు.

ఇందులో నా తప్పేమీ లేదు. నల్లగా కనపడింది, నల్లది అన్నాను. అబద్ధం ఆడింది నీళ్ళు.

మార్చి 21, శుక్రవారం

కెమెరా నా దగ్గరే ఉంది. కోడలు ఇంట్లో ఛార్జింగు పెట్టమని ఇచ్చింది. అందులో చెత్తబుట్ట బొమ్మ ఉన్న గుండీ ఒకటుంది. ఫొటో పెట్టి అది నొక్కితే ఆ ఫొటో ఇక ఎప్పటికీ ఉండదట.

నేనేమీ చెయ్యలేదు. గుండీ మీద వేలు పెట్టి కూర్చున్నాను, అంతే.

లెక్క సూటిగా ఉంది. నల్ల వీడియో ఉంటే నేను చెప్పింది నిజం. ఎర్ర ఫొటో ఉంటే వాడు చెప్పింది నిజం, అది వాళ్ళ నాన్న పడవే. వాడికి ఎర్ర ఫొటో పంపితే ఏమంటాడు? చూశావా, నేను అప్పుడే అన్నాను అంటాడు. నేను దిగాననేది మర్చిపోతాడు. కూతురి ఊళ్ళో కూడా చెప్పుకుంటాడు.

మా ఆవిడ వచ్చి వెనక నిలబడింది. "ఏం చూస్తున్నారు?"

"చేప."

"ఆ చేపని నాకు పొద్దున్నే చూపించింది కోడలు."

నా చేతిలోంచి కెమెరా తీసుకుంది. తెర మీద ఆ ఎర్రటి చోట బొటనవేలితో రుద్దింది, గిన్నెకి అంటుకున్నది చూసినట్టు. "నాన్న పడవ," అంది.

ఈ ఇరవై ఏళ్ళూ వాడికీ నాకూ తగువనుకున్నాను. ఆ పడవ ఈవిడ నాన్నది కూడా. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలుసు. మాటవరసకి తెలుసు.

"నువ్వెప్పుడూ అడగలేదేం, పడవ గురించి?"

"ఎవర్ని అడగను? మీరు దిగాను దిగాను అంటారు. వాడు దిగలేదు దిగలేదు అంటాడు. పడవ సంగతి ఒక్కళ్ళైనా ఎత్తితే కదా."

కెమెరా బల్ల మీద పెట్టి కూర తిప్పడానికి వెళ్ళిపోయింది. నేను ఛార్జింగు పెట్టాను.

మార్చి 22

చేటంత మేర ఏం చాలుతుంది. ఎర్ర అతుకు వేసిన బండ అంటాడు వాడు. పక్కంతా గీకాలి.

రుజువు కోసమే. ఇంకెందుకూ కాదు.

మార్చి 23, ఆదివారం

కోడలు ఒప్పుకోలేదు. ఆ పాచిలో, ఆ చెట్లలో చేపలు కాపురం ఉంటున్నాయంది. అరగంట వాదించాను. చివరికి ఒప్పందం: కుడిపక్క గోడ మాత్రమే, గట్టిపడిన పగడాల జోలికి వెళ్ళకూడదు, అడుగువైపు ముట్టకూడదు, రోజుకి ఒక్కసారే దిగడం, ఆమె చెయ్యి ఊపితే వెంటనే పైకి. ఓడల కెప్టెన్లు కూడా నాకు ఇన్ని షరతులు పెట్టలేదు.

ఇవాళ మొననుంచి రెండు చేతుల పొడవు అయింది. అరచెయ్యంత చేప ఒకటి వచ్చి వేలు కొరికింది. అక్కడ దాని ఇల్లుందట. రెండుసార్లు కొరికింది. అద్దెకి ఉన్నవాళ్ళకి కూడా ఇంత పౌరుషం ఉంటుందని తెలియదు.

మార్చి 24

భుజం పట్టేసింది. మా ఆవిడ నూనె రాసింది. "రుజువుకి ఇంత గీకాలా?" అంది. గీకాలన్నాను. ఇంకొంచెం గట్టిగా రాసింది.

మార్చి 25

సగం దాటింది. కళ్ళు మూసుకుని చేస్తున్నాను. అలా అయితేనే పని సాగుతోంది. మధ్యలో పడవ అంచున ఒకచోట వేళ్ళకి రంగు గడ్డకట్టి తగిలింది, ఆరనివ్వకుండా వరసగా పూత మీద పూత వేస్తే కారి గడ్డకడుతుందే, అలా. వాడికి ఏ పనైనా నిదానంగా చేతకాదు. ఆ గడ్డని గీకకుండా వదిలేశాను.

చేప ఇవాళ కొరకలేదు. దిబ్బవైపు మారిపోయినట్టుంది. దాని పాత ఇంటి చుట్టూ జానెడు మేర ముట్టలేదని కోడలికి చెప్పలేదు, చెప్తే నన్ను మెత్తబడ్డాడంటుంది.

మార్చి 26, బుధవారం

అయిపోయింది.

కోడలు రెండు పెద్ద దీపాలు తెచ్చింది, కెమెరాకి చెరోపక్కన బిగించింది. అవి వెలిగేసరికి నేను వెనక్కి జరిగాను. కుడిపక్క మొత్తం ఎర్రగా లేచి నిలబడింది. అక్కడక్కడ రంగు ఊడి తెల్లగా ఉంది, మిగతాది ఎరుపే. దీపం జరిగితే ఎరుపు జరుగుతోంది, దీపం పోయినచోట మళ్ళీ నల్లగా మూసుకుంటోంది. నేను పడవ పక్కన నిలబడ్డాను. మాస్కులోంచి మొహం కనపడాలని దగ్గరికి వచ్చి తీసింది. కళ్ళు తెరవమని సైగ చేసింది. తెరిచే ఉన్నాను అప్పటికి.

మాస్కులో నీళ్ళు చేరాయి. పాత మాస్కు. కారుతుంది.

పైకి వచ్చాక మా అబ్బాయి వీడియో చూశాడు. చాలాసేపు చూశాడు. జోకేమీ వెయ్యలేదు. ఇంజను వేసి ఇంటికి తీసుకొచ్చాడు.

మార్చి 27, గురువారం

వాడి ఇంట్లో అట్టపెట్టెలు కట్టేస్తున్నారట. మా ఆవిడ వెళ్ళి గిన్నెలకి కాగితం చుట్టి వచ్చింది. నన్ను రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు.

కోడలు వీడియోలు పంపడానికి కూర్చుంది. మూడున్నాయి. దీపం లేకుండా తీసిన నల్లది, మగ్గు రంగు మారేది, నిన్న తీసిన ఎర్రది.

"ఏవి పంపను మామయ్యా?"

"అన్నీ పంపు."

"మగ్గు కూడానా?"

"మగ్గు ముందు పంపు. లేకపోతే వాడికి అర్థం కాదు. నాకే నాలుగుసార్లు పట్టింది."

రాయడం నాకు పెద్దగా రాదు కాబట్టి ఫోన్లో మాట రికార్డు చేసి పంపొచ్చంది. నొక్కి పట్టుకుని మాట్లాడాలి, వదిలితే వాడికి వెళ్ళిపోతుంది. మొదటిసారి దగ్గు పోయింది. రెండోసారి "ఒరేయ్" అని పోయింది. మూడోసారి సరిగ్గా చెప్పాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ వింటోందని తెలుసు, విననీ.

చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను, రేపు వాడు ఒకటంటే ఇంకొకటి అనకుండా.

"ఒరేయ్, నేను. మీ బావని. ముందు మగ్గు చూడు, తరవాత నల్లది చూడు, తరవాత ఎర్రది చూడు. వరస తప్పకు. అక్కడ ఉన్నది మీ నాన్న పడవ. దీపం వేస్తే ఎరుపు, తీస్తే నలుపు. అప్పుడు మన దగ్గర దీపం లేదు. నువ్వు పైన ఉన్నావు, నేను కింద ఉన్నాను. పడవ కుడిపక్క మొననుంచి వెనకదాకా శుభ్రంగా ఉంది, చూసుకో. అంచున నువ్వు కార్చిన రంగు గడ్డ కూడా అలాగే ఉంది. కోడలికి గీకడం రాదు. నీ మేనల్లుడు పడవ దిగి కాలైనా తడుపుకోడు. చేపలు గీకవు. నేను దిగలేదు దిగలేదు అంటున్నావు కదా, మరి మీ నాన్న పడవని ఎవరు గీకారు? లారీ శనివారం వస్తుందట. నాకు శనివారం జవాబు వద్దు. రేపు శుక్రవారం పొద్దుగూకేలోపు నువ్వు మా ఇంటికొచ్చి నా మొహాన చెప్పాలి. ఎవరు గీకారు?"